ప్లాన్ మారింది, లైసెన్స్ పోయింది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అమలాపురం నుంచి భీమవరం దాకా వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే తరహావి. డబ్బు కలిసొస్తుందనో ఇంకో సౌకర్యం కావాలనో సాఫ్ట్‌వేర్ ప్లాన్ మార్చారు, తర్వాత ప్రోగ్రాం మొరాయించింది. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చాం.

ముందుగా ఒక మాట. ఇలా అయినప్పుడు చాలామంది మొట్టమొదట చేసే పని ప్రోగ్రాంని తీసేసి మళ్లీ ఎక్కించడం. సాధారణంగా దానివల్ల ఒక పూట, రెండు మూడు జీబీల డేటా ఖర్చవడమే తప్ప పని కాదు. ముందు మూడు సంగతులు చూడండి. ఏ ఖాతాతో లాగిన్ అయి ఉన్నారు? ఆ ఖాతాకి లైసెన్స్ కేటాయించారా? కొత్త ప్లాన్‌లో అసలు ఆ ప్రోగ్రాం ఉందా? చిక్కు ఈ మూడింట్లో ఎక్కడుందో తేలాకే మిగతా పని.

ప్రశ్న: మాది జూనియర్ కాలేజీ. ఆఫీసులో ఆరు కంప్యూటర్లకి మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ స్టాండర్డ్ ఉండేది. ఖర్చు తగ్గుతుందని ఆరింటినీ బిజినెస్ బేసిక్‌కి మార్చాం. వారం బాగానే నడిచింది. ఇప్పుడు వర్డ్, ఎక్సెల్ తెరుచుకుంటున్నాయి గానీ ఒక్క అక్షరం కొట్టనివ్వడం లేదు. ఫైళ్లు పాడయ్యాయా?
— కాలేజీ గుమాస్తా, అమలాపురం

జవాబు: ఫైళ్లకేమీ కాలేదు. బేసిక్ ప్లాన్‌లో కంప్యూటర్‌లో ఎక్కించుకునే వర్డ్, ఎక్సెల్ ఉండవు. బ్రౌజర్‌లో తెరిచేవి, ఫోన్‌లో వాడుకునేవి మాత్రమే ఉంటాయి. మెయిల్, టీమ్స్, మనిషికి 1 టీబీ వన్‌డ్రైవ్ (ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే చోటు) రెండు ప్లాన్లలోనూ ఉంటాయి కాబట్టి ధరల పట్టిక పైపైన చూస్తే తేడా కనపడదు. ఎక్కించిన పాత ప్రోగ్రాం మీ కంప్యూటర్లలో అలాగే ఉండిపోయింది. అది అప్పుడప్పుడూ ఇంటర్నెట్‌లో తన లైసెన్స్ సరిచూసుకుంటుంది. హక్కు లేదని తెలిసిన దగ్గర్నుంచి చదవడానికీ, ప్రింటు తీయడానికీ తప్ప దేనికీ ఒప్పుకోదు. వారం రోజులు నడిచింది అందుకే.

బ్రౌజర్‌లో వర్డ్, ఎక్సెల్‌తో సరిపెట్టుకోవచ్చా అంటే, ఉత్తరాలకీ నోటీసులకీ మార్కుల పట్టికలకీ హాయిగా సరిపోతాయి. కాలేజీ ఆఫీసుకి ఇబ్బంది రెండుచోట్ల వస్తుంది. ఎక్సెల్‌లోని పేర్లతో వర్డ్‌లో టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు ఒకేసారి తీసే మెయిల్ మెర్జ్ బ్రౌజర్ వర్డ్‌లో లేదు. ఫీజుల ఫైల్లో ఎవరైనా మాక్రోలు (బటన్ నొక్కితే వరస పనులు వాటంతటవే చేసే ఆదేశాలు) రాసి ఉంటే అవి బ్రౌజర్ ఎక్సెల్‌లో నడవవు. ఫైల్ తెరుచుకుంటుంది, మాక్రో అందులోనే భద్రంగా ఉంటుంది, బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు.

అలాగని ఆరింటినీ తిరిగి స్టాండర్డ్‌కి తేనక్కర్లేదు. ఒకే సంస్థలో కొందరికి స్టాండర్డ్, కొందరికి బేసిక్ ఉంచుకోవచ్చు. సర్టిఫికెట్లు తీసే వారికీ, ఫీజులు చూసే వారికీ రెండు స్టాండర్డ్ కొనండి, మిగతా నలుగురినీ బేసిక్‌లో వదిలేయండి. కొన్నంత మాత్రాన అది ఎవరికీ అంటుకోదు. మీ సంస్థ ఖాతాలు చూసుకునే మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్ వెబ్‌సైట్‌లో యూజర్స్, అందులో యాక్టివ్ యూజర్స్ తెరిచి, ఆ మనిషి పేరు నొక్కి, లైసెన్సెస్ అండ్ యాప్స్ అన్నచోట స్టాండర్డ్ టిక్ పెట్టి, బేసిక్ టిక్ తీసి, రెండూ కలిపి ఒకేసారి సేవ్ కొట్టాలి.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. కొందరు ఈ రోజు పాత టిక్ తీసేస్తారు, కొత్తది తర్వాత చూద్దామనుకుంటారు. లైసెన్స్ తీసేసిన మనిషి మెయిల్‌బాక్స్ 30 రోజులే నిలవ ఉంటుంది. వేసవి సెలవులకి ముందు తీసేసి జూన్‌లో గుర్తు చేసుకుంటే అప్పటికి అది పోయి ఉంటుంది.

కేటాయించాక ఆ కంప్యూటర్‌లో వర్డ్ తెరిచి ఫైల్, అకౌంట్ నొక్కి, అప్‌డేట్ లైసెన్స్ కనిపిస్తే అది నొక్కండి. కనిపించకపోతే అక్కడే సైన్ అవుట్ అయి, ఆఫీస్ ప్రోగ్రాంలన్నీ మూసి, మళ్లీ సైన్ ఇన్ అవ్వండి. ఇంకా ఒప్పుకోకపోతే ఒక పూట ఆగి చూడండి. కేటాయింపు అన్నిచోట్లా నమోదు కావడానికి కొంత వ్యవధి పడుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీ తీసుకుని మమ్మల్ని అందులో చేర్చాడు. ఈసారి గడువు అయ్యాక ఫ్యామిలీ వద్దని పర్సనల్ తీసుకున్నాడు. వాడికి అన్నీ పనిచేస్తున్నాయి. నాకు ఎక్సెల్ ఆగింది, ఫోటోలు ఎక్కడం లేదు, ఔట్‌లుక్ మెయిల్ కూడా రావడం లేదు. మొత్తం ఫోటోలు 60 జీబీ ఉంటాయి.
— రిటైర్డ్ టీచర్, తణుకు

జవాబు: మాస్టారూ, ఫ్యామిలీ అంటే ఆరుగురి దాకా. పర్సనల్ అంటే ఒక్కరే, అది కొన్నవారే. మీరు చేరిన గొడుగు మూతపడింది. అయితే మీ ఫైళ్లు మీ ఖాతావే. అబ్బాయి ఖాతాలో కలిసిపోలేదు, అబ్బాయికి కనపడవు కూడా.

ఫ్యామిలీలో ఉన్నన్నాళ్లు మీకు విడిగా 1 టీబీ ఉండేది. ఇప్పుడు ఉచితంగా వచ్చే 5 జీబీకి దిగింది. మీ దగ్గరున్నది 60. ఇలా పరిమితి దాటిన ఖాతాలో చూడొచ్చు, దింపుకోవచ్చు, చెరిపేయొచ్చు. కొత్తవి ఎక్కించడం మాత్రం కుదరదు. పరిమితి దాటితే ఔట్‌లుక్ మెయిల్ రాకపోకలు కూడా ఆగుతాయి. మీకు మెయిల్ ఆగింది అందుకే, అది వేరే జబ్బు కాదు. 6 నెలలకి పైగా ఇలాగే వదిలేస్తే ఫైళ్లు చెరిపేసే హక్కు కంపెనీకి ఉంటుందని నిబంధనల్లోనే ఉంది. కాలువ కట్టేసేలోపే ఊరి చెరువు నింపుకున్నట్టు, ఫైళ్లు ఇప్పుడే దింపుకోండి.

దింపేటప్పుడు చాలామంది మోసపోయేది ఒకచోట. కంప్యూటర్‌లోని వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఫోటోల పేర్లన్నీ కనిపిస్తాయి కదా, ఇక్కడే ఉన్నాయనుకుంటారు. పేరు పక్కన నీలం మబ్బు గుర్తుంటే ఆ ఫైల్ కంప్యూటర్‌లో లేదు, పేరు మాత్రమే ఉంది. ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ ఎంచుకోండి. మబ్బు గుర్తులన్నీ పోయి నిండు ఆకుపచ్చ చక్రంలో తెల్ల టిక్ వచ్చేదాకా ఆగండి. 60 జీబీ కాబట్టి ఒకటి రెండు రాత్రులు పట్టొచ్చు, కంప్యూటర్ నిద్రలోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్ మార్చి పెట్టండి. సి డ్రైవ్‌లో అంత ఖాళీ లేకపోతే బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిచి, సంవత్సరాలవారీగా ఒక్కో ఫోల్డర్ చొప్పున ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి దింపండి. మొత్తం ఒకే జిప్‌గా లాగబోతే మధ్యలో తెగిపోవచ్చు.

దింపినవి తెరిచి చూసుకున్నాకే వన్‌డ్రైవ్‌లో చెరపండి, ఆపైన రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. వాడకం 5 జీబీ లోపుకి వస్తే మెయిల్ తిరిగి మొదలవుతుంది. ఎక్సెల్ విషయానికొస్తే, మీ ఖాతాతోనే బ్రౌజర్‌లో ఎక్సెల్ ఉచితం. పెన్షన్ లెక్కలకీ ఇంటి ఖర్చులకీ కొనాల్సిన పని లేదు.

ప్రశ్న: ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను. ఇంతకాలం సొంత ఖాతాతో పర్సనల్ ప్లాన్ వాడి, ఇప్పుడు ఆఫీసు ఇచ్చిన బిజినెస్ స్టాండర్డ్‌కి మారాను. డబ్బు కట్టారు, కేటాయించారు. అయినా ఎక్సెల్ పైన గడువు ముగిసిందన్న పట్టీ పోవడం లేదు.
— రాజమహేంద్రవరం

జవాబు: మీ ఎక్సెల్ ఇంకా పాత ఖాతానే పట్టుకుని వేలాడుతోంది. ఫైల్, అకౌంట్ తెరిస్తే ప్రోడక్ట్ పేరు కింద అది ఎవరికి చెందిందో ఒక మెయిల్ చిరునామా కనిపిస్తుంది. పై మూలలో కనిపించే పేరు కాదు, ఈ చిరునామానే లెక్క. పై మూలలో ఆఫీసు పేరు, కింద సొంత చిరునామా ఉందంటే సంగతి తేలినట్టే.

ఆఫీస్ ప్రోగ్రాంలో ఉన్న ఖాతాలన్నింటి నుంచీ సైన్ అవుట్ అవ్వండి. వర్డ్, ఎక్సెల్, ఔట్‌లుక్, టీమ్స్ అన్నీ మూసేయండి. విండోస్ వెతుకు పెట్టెలో క్రెడెన్షియల్ మేనేజర్ అని కొట్టి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్16 అని మొదలయ్యేవన్నీ తీసేయండి. మిగతా వాటి జోలికి పోవద్దు, వేరే సర్వర్ల పాస్‌వర్డ్‌లు కూడా అక్కడే ఉంటాయి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ఎక్సెల్ తెరిచి, ఈసారి ఆఫీసు చిరునామాతో మాత్రమే సైన్ ఇన్ అవ్వండి. సొంత ఖాతాతోనూ పనుంటే ఇది కుదిరాకే దాన్ని చేర్చుకోండి.

పాత ఫైళ్లు సొంత వన్‌డ్రైవ్‌లో ఉంటే అవి వాటంతటవి ఆఫీసు వన్‌డ్రైవ్‌లోకి రావు. క్లయింట్ల ఫైళ్లు కాబట్టి, ఆఫీసువారిని అడిగి మరీ తరలించండి.

ప్రశ్న: ఫోటో స్టూడియో నడుపుతున్నాం. అడోబీ అన్ని యాప్‌ల ప్లాన్ భారమై ఫోటోగ్రఫీ ప్లాన్‌కి మారాం. ఫోటోషాప్ ఉంది. పెళ్లి వీడియోల ప్రీమియర్, ఆల్బమ్‌లకి వాడే ఇన్‌డిజైన్ పోయాయి. కొన్ని డిజైన్లలో అక్షరాల రూపం కూడా మారిపోయింది. రెండో కంప్యూటర్‌లో అయితే ఫోటోషాప్ కూడా ట్రయల్ అయిపోయింది అంటోంది.
— భీమవరం

జవాబు: మీరు అడిగినవి మూడు వేర్వేరు చిక్కులు.

ఫోటోగ్రఫీ ప్లాన్‌లో ఫోటోషాప్, లైట్‌రూమ్ ఉంటాయి. ప్రీమియర్, ఇన్‌డిజైన్, ఇలస్ట్రేటర్ ఉండవు. కంప్యూటర్‌లో ఎక్కించినవి ఉండిపోయినా ఇక తెరుచుకోవు. ఫోటోషాప్‌లో చేసిన పీఎస్‌డీ ఆల్బమ్ షీట్లకి ఏ ఢోకా లేదు. ఇన్‌డిజైన్‌లో చేసిన ఐఎన్‌డీడీ ఫైళ్లు మాత్రం ఆ ప్రోగ్రాం లేకుండా తెరుచుకోవు, ఫోటోషాప్ వాటిని ముట్టుకోదు. ప్లాన్ మార్చక ముందే ఒక్కో ఆల్బమ్‌నీ ఫైల్ మెనూలో ప్యాకేజ్ కొట్టి ఉంటే ఫోటోలు, కంప్యూటర్‌లో విడిగా ఎక్కించుకున్న ఫాంట్లు, ఐడీఎంఎల్ (పాత ఇన్‌డిజైన్ వెర్షన్లూ తెరవగలిగే కాపీ), పీడీఎఫ్ అన్నీ ఒక ఫోల్డర్‌లోకి చేరేవి. ఇప్పుడు దారి ఒకటే: సీజన్ లేని సమయం చూసి ఇన్‌డిజైన్ ఒక్కటే నెలవారీగా ఒక నెలకి తీసుకోండి. ఆర్డర్లు మిగిలి ఉన్న ఆల్బమ్‌లన్నీ ప్యాకేజ్ చేసుకుని ఆపేయండి. తీసుకునేటప్పుడు నెలవారీ అన్నదే ఎంచుకోవాలి. ఏడాది ఒప్పందం మీద నెలనెలా కట్టేది దాని పక్కనే తక్కువ ధరకి కనిపిస్తుంది. అది 14 రోజులు దాటాక మానేస్తే మిగిలిన నెలల సొమ్ములో సగం రద్దు రుసుము కింద పడుతుంది. ఈ రెండింటి తేడా చూడకుండా నొక్కి నష్టపోయేవాళ్లు చాలామంది.

ప్రీమియర్ ప్రాజెక్టుల్ని కూడా ఆ ప్రోగ్రాం చేతిలో ఉన్నప్పుడే ఫైనల్ కట్ ఎక్స్ఎంఎల్‌గా ఎగుమతి చేసుకుంటే, డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో తెరుచుకోవచ్చు. కట్‌లు, వరస చక్కగా వస్తాయి. టైటిళ్లు, ఎఫెక్టులు చాలావరకు రావు, మళ్లీ వేసుకోవాలి. కాబట్టి ఇచ్చేసిన పెళ్లిళ్ల జోలికి పోకుండా, చేతిలో ఉన్న వాటికే ఈ శ్రమ పడండి.

అక్షరాల రూపం మారిందంటే అవి అడోబీ ఫాంట్స్ నుంచి తెచ్చుకున్నవి. ఆ ఫాంట్లు మీ కంప్యూటర్‌వి కావు, చందా ఉన్నంత కాలం అద్దెకి వచ్చినట్టు. ప్యాకేజ్ చేసినా అవి ఫోల్డర్‌లోకి రావు. ఫోటోగ్రఫీ ప్లాన్‌లోనూ అడోబీ ఫాంట్స్ వాడుకోవచ్చు కాబట్టి, క్రియేటివ్ క్లౌడ్ యాప్‌లో ఫాంట్ల విభాగం తెరిచి ఆరిపోయి ఉన్నవాటిని మళ్లీ చేర్చండి. అను వంటి తెలుగు ఫాంట్లు విడిగా ఎక్కించుకున్నవి. ప్లాన్‌తో వాటికి సంబంధం లేదు.

ఇక రెండో కంప్యూటర్. అడోబీ ఖాతా రెండు కంప్యూటర్లలో లాగిన్ అయి ఉండొచ్చు, ఒక్కరే వాడేటట్టు. మూడోచోట ఉంటే ముందు దాన్ని సైన్ అవుట్ చేయండి. తర్వాత హెల్ప్ మెనూలో సైన్ అవుట్, మళ్లీ సైన్ ఇన్. అప్పటికీ ట్రయల్ మాటే అంటుంటే మొహమాటం లేకుండా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ కంప్యూటర్‌లో ఎప్పుడైనా క్రాక్ వెర్షన్ (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ) ఉండేదా? ఆ క్రాక్‌లు విండోస్‌లోని హోస్ట్స్ అనే ఫైల్లో అడోబీ సర్వర్ల పేర్లు రాసి దారి మూసేస్తాయి. క్రాక్ తీసేసినా ఆ రాతలు పోవు. అసలు లైసెన్స్ కొన్నాక కూడా అదే గోడ అడ్డం నిలబడి, లైసెన్స్ సరిచూసుకోనివ్వదు. ఆ ఫైల్ సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, అందులో అడోబీ పేరున్న వరసలు తీసి సేవ్ చేయండి. చేతులు పెట్టడం ఇష్టం లేకపోతే, అడోబీ ఇదే పనికి లిమిటెడ్ యాక్సెస్ రిపేర్ టూల్ అని ఒకటి ఉచితంగా ఇస్తోంది.

తేదీ కూడా ఒకసారి చూడండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డ్ మీద సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పయితే సురక్షిత కనెక్షన్ కుదరదు, ఏ కంపెనీ లైసెన్సూ సరిచూసుకోలేదు. కొన్ని పదుల రూపాయల బిళ్ల బ్యాటరీ కోసం వేల రూపాయల ప్లాన్‌ని అనుమానించడం ఎందుకు?

ప్రశ్న: ఇళ్ల ప్లాన్లు, చెరువుల లేఅవుట్లు గీసే ఆఫీసు మాది. ఆటోక్యాడ్ నుంచి ఆటోక్యాడ్ ఎల్‌టీకి మారాం. డబ్బు కట్టిన రసీదు ఉంది. ఆటోక్యాడ్ మాత్రం లైసెన్స్ లేదంటోంది.
— పాలకొల్లు

జవాబు: ఎల్‌టీ అనేది ఆటోక్యాడ్‌కి చౌక ప్లాన్ కాదు, వేరే ప్రోగ్రాం. పాత ఆటోక్యాడ్‌ని ఎల్‌టీ లైసెన్స్ తెరవలేదు. ఆటోడెస్క్ ఖాతాలోంచి ఎల్‌టీ దింపి విడిగా ఎక్కించాలి. ముందుగా మొదట చెప్పిన రెండో సంగతి చూడండి. కొన్నది మీ సంస్థ యజమాని ఖాతా మీద. గీసేవారికి సీటు, అంటే ఒక మనిషి వాడుకునే హక్కు, కేటాయించాలి. యజమాని లాగిన్‌తో ఖాతాలో యూజర్ మేనేజ్‌మెంట్ తెరిచి, బై ప్రోడక్ట్‌లో ఎల్‌టీ ఎంచుకుని, గీసేవారి మెయిల్ చిరునామా చేర్చి అసైన్ కొట్టాలి. పాత ఆటోక్యాడ్‌లో ఉన్న కేటాయింపు దీనికి వర్తించదు.

ఎల్‌టీ ఎక్కించాక కూడా పాత లాగిన్‌నే చూపిస్తుంటే, ఆటోడెస్క్ ప్రోగ్రాంలు మూసి, యాప్‌డేటా లోకల్‌లో ఆటోడెస్క్, వెబ్ సర్వీసెస్ ఫోల్డర్‌లో ఉన్న లాగిన్‌స్టేట్ ఫైల్ చెరిపి మళ్లీ లాగిన్ అవ్వండి. సైటులో ఇంటర్నెట్ లేకుండా వాడేవాళ్లు 30 రోజుల్లో ఒకసారైనా నెట్‌కి కలపాలి.

డ్రాయింగ్‌లు రెండింట్లోనూ ఒకే డీడబ్ల్యూజీ రకం ఫైళ్లు. 2018 నుంచి 2025 దాకా వెర్షన్ల ఫైల్ ఫార్మాట్ ఒకటే కాబట్టి పాతవన్నీ తెరుచుకుంటాయి. పోయేది 3డీ మోడలింగ్. గుంటల మట్టి ఘనపరిమాణం, గట్ల వాలు లెక్కలకి లిస్ప్ రొటీన్లు (ఆటోక్యాడ్‌లో నడిచే ఆటోలిస్ప్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాంలు) వాడుతుంటే, ఎల్‌టీ 2024 నుంచే ఆటోలిస్ప్ ఒప్పుకుంటుంది. అంతకన్నా పాత ఎల్‌టీ ఎక్కించకండి. ఆఫీసులో డ్రాయింగ్ చూసి ప్రింటు తీసేవారికి సీటు దండగ. ఉచితంగా దొరికే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ చాలు.

ప్రశ్న: రైస్ మిల్లు లెక్కలకి టాలీ ప్రైమ్ అద్దె లైసెన్స్ వాడేవాళ్లం. సొంతానికి సిల్వర్ కొన్నాం. 9వ తారీఖున ఎంట్రీ వేయబోతే తేదీ తీసుకోవడం లేదు. 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్న్) వేయాలి.
— మండపేట

జవాబు: తెర మీద ఎడ్యుకేషనల్ అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. అద్దె గడువు తీరగానే టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పోతుంది. అందులో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి. తొందరలో గుమాస్తా బియ్యం అమ్మకాలన్నీ 2వ తేదీ మీద వేసి, తర్వాత మార్చుకుందాంలే అంటే ఒప్పుకోవద్దు. బిల్లు తేదీలు తారుమారై జీఎస్టీఆర్-1లోనే తప్పులొస్తాయి.

డేటా పోలేదు. లైసెన్స్ వేరు, డేటా ఫోల్డర్ వేరు. ముందు డేటా ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకోండి. మామూలుగా అది సి డ్రైవ్‌లో యూజర్స్, పబ్లిక్, టాలీప్రైమ్, డేటా అన్నచోట ఉంటుంది. తర్వాత ఎఫ్1, సెట్టింగ్స్, లైసెన్స్ నొక్కి, అక్కడ కొత్త సిల్వర్ సీరియల్ నంబరు, కొన్నప్పుడిచ్చిన మెయిల్ చిరునామా కొట్టి యాక్టివేట్ చేయండి. మెయిల్‌కి వచ్చే అన్‌లాక్ కీతో పని పూర్తవుతుంది. డీలరు తన మెయిల్ చిరునామా మీద రిజిస్టర్ చేసి ఉంటే కీ మీకు రాదు. కొన్నరోజే మీ చిరునామా రాయించుకోవాలని అనేది ఇందుకే.

యాక్టివేట్ అయ్యాక కూడా ఎడ్యుకేషనల్ అనే ఉందంటే, ఎక్కించిన రిలీజ్ (టాలీ వెర్షన్) మీ లైసెన్స్‌కి చెల్లుతుందో లేదో చూడాలి. సొంత లైసెన్స్‌కి టీఎస్ఎస్ అని విడిగా ఏటా చందా ఉంటుంది. అది తీరిపోయినా టాలీ ఆగదు. కానీ తీరాక వచ్చిన కొత్త రిలీజ్ ఎక్కిస్తే దానికి మీ లైసెన్స్ సరిపోదు. పాత రిలీజ్‌కి తిరిగి వెళ్దామంటే ఇంకో చిక్కు: 3.0 రిలీజ్‌లోకి గానీ ఆ తర్వాతి వాటిలోకి గానీ మార్చుకున్న డేటా 3.0 కన్నా పాతదాంట్లో తెరుచుకోదు. పెన్‌డ్రైవ్ కాపీ ముందే తీయమన్నది ఇందుకు కూడా.

సిల్వర్ ఒక కంప్యూటర్‌కే. కాటా దగ్గరొకటి, ఆఫీసులో ఒకటి వాడాలంటే గోల్డ్ కావాలి. గోల్డ్‌లో లైసెన్స్ ఉన్న కంప్యూటర్ ఆఫ్ చేస్తే రెండోది కూడా ఎడ్యుకేషనల్‌కి పడిపోతుంది. ఫైర్‌వాల్ 9999 పోర్ట్‌ని అడ్డుకున్నా అంతే. కంప్యూటర్ ఫార్మాట్ చేయిస్తుంటే ముందుగా లైసెన్స్ మెనూలోంచి సరెండర్ చేయడం (ఆ కంప్యూటర్ నుంచి లైసెన్స్ వెనక్కి తీసుకోవడం) మరవకండి.

ప్రశ్న: లేసు ఎగుమతి వ్యాపారం మాది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌ని పై ప్లాన్‌కి మార్చాం, మొదటి నెల కట్టాం. రెండో నెల కార్డులో డబ్బున్నా కోత పడలేదు, లైసెన్స్ ఆగింది.
— నర్సాపురం

జవాబు: పాత ప్లాన్‌కి మీరిచ్చిన ఆటోపే (కార్డు నుంచి దానంతటదే డబ్బు కోసుకునే) అనుమతిలో ఒక గరిష్ఠ మొత్తం రాసి ఉంటుంది. కొత్త ప్లాన్ ధర దాన్ని దాటితే బ్యాంకు ఆ కోతని తిరస్కరిస్తుంది. మొదటి నెల మీరే ఓటీపీ కొట్టి కట్టారు కాబట్టి పడింది. పైగా సాఫ్ట్‌వేర్ చందాల వంటి వాటికి 15,000 రూపాయలు దాటిన కోతకి ప్రతిసారీ ఓటీపీ కావాలన్నది 2022 జూన్ నుంచి రిజర్వు బ్యాంకు పెట్టిన పరిమితి. అంతకు లోబడినదైనా 24 గంటల ముందు బ్యాంకు మీకు సందేశం పంపాలి. ఆ సందేశం పాత ఫోన్ నంబరుకి పోతోందేమో చూడండి. బ్యాంకు యాప్‌లో పాత అనుమతి రద్దు చేసి, సాఫ్ట్‌వేర్ ఖాతాలో కార్డు మళ్లీ చేర్చి కొత్త అనుమతి ఇవ్వండి. కొత్త కార్డు వచ్చినప్పుడూ ఇదే పని. పెద్ద మొత్తాలైతే నెలనెలా కోతలకి బదులు ఏడాదికోసారి ఓటీపీతో కట్టడమే మేలని మా అభిప్రాయం. జీఎస్టీ నంబరు ఉంటే బిల్లింగ్ వివరాల్లో రాయించండి. వ్యాపారానికి వాడేదే కాబట్టి కట్టిన 18 శాతం పన్ను క్రెడిట్ తీసుకోవచ్చు.

ప్రశ్న: నర్సరీ మొక్కల ఆర్డర్లన్నీ జీమెయిల్‌కే వస్తాయి. గూగుల్ వన్ 100 జీబీ ప్లాన్ ఆపేశాక ఆర్డర్లు రావడం లేదు.
— కడియం

జవాబు: ఉచిత వాటా 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ కలిపి అది. దాటితే మెయిల్ రాదు, పోదు. మీకు రాసినవారికి తిరుగు మెయిల్ పోతుంది కాబట్టి ఎవరెవరు ఆర్డరిచ్చారో ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే, ఆగిన మెయిళ్లు తర్వాత వాటంతటవి రావు. జీమెయిల్ వెతుకు పెట్టెలో లార్జర్ కోలన్ 10ఎం అని ఇంగ్లిషులో కొట్టి, పెద్ద అటాచ్‌మెంట్లున్నవి దింపుకుని చెరపండి, ట్రాష్ ఖాళీ చేయండి. ఫోన్‌లో తీసిన మొక్కల వీడియోలు గూగుల్ ఫోటోస్‌లోకి పోతుంటే ఆ బ్యాకప్ ఆపండి. రెండేళ్లు పరిమితి పైనే ఉంటే ఫైళ్లు చెరిపేసే వీలుంది, అంతదాకా రానివ్వకండి. ఇవన్నీ చేసే తీరిక ఈ సీజన్‌లో లేకపోతే ఒక నెల 100 జీబీ మళ్లీ తీసుకోండి. మెయిల్ వెంటనే మొదలవుతుంది, శుభ్రం చేయడం నింపాదిగా చూసుకోవచ్చు.